రేవులో బాణసంచా చూడటానికి సొంత బోటులో వెళ్ళేవారు ముందుగా ఆలోచించవలసింది తిరుగు ప్రయాణం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఈ ఏడాదే 22 అడుగుల బోటు కొన్నారు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 సాయంత్రం మేరీలాండ్ రాష్ట్రంలోని శాండీ పాయింట్ పార్కు దగ్గర బోటును నీటిలోకి దింపి, అనాపొలిస్ రేవుకు వెళ్ళి, అక్కడ బార్జ్ (బల్లపరుపు సరుకు పడవ) మీద నుంచి కాల్చే బాణసంచాను నీటి మీద నుంచే చూడాలని అనుకుంటున్నారు. బోటులో మీ కుటుంబం, స్నేహితుల కుటుంబం, ఇద్దరేసి పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు కలిపి పదిమంది. బోటుకు బిగించిన పలక మీద పదిమంది అని రాసి ఉంది కనుక ఇబ్బంది ఉండదు కదా, బార్జ్‌కు ఎంత దగ్గరగా వెళ్ళవచ్చు అని అడిగారు.

సూటిగా చెబుతాను. వెళ్ళవచ్చు, కానీ పదిమందితో వద్దు. ఆరుగురికి మించకుండా, పెద్దవారిద్దరినీ ఒడ్డున కూర్చోబెట్టే ఏర్పాటు చేసి వెళ్ళండి. బార్జ్‌కు అరమైలు దూరంలో, నౌకలు నడిచే దారికి పక్కగా, గాలి మీ వైపు నుంచి బార్జ్ వైపుకు వీచే చోట, వెలుతురు ఉండగానే లంగరు వేయండి. ప్రదర్శన ముగిసిన తరువాత కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట, లంగరు ఎత్తకండి. ఇన్నింటిలో ఒక్కటే గుర్తుంచుకోగలను అంటే ఆ చివరిది గుర్తుంచుకోండి. బాణసంచా కాలుతున్నంతసేపూ అందరూ కదలకుండా ఉంటారు. అది ఆగిన మరుక్షణం వందల బోట్లు ఒకేసారి, చీకట్లో, ఒకే దారికి అడ్డంపడతాయి. నేను కోస్ట్‌గార్డ్ ఆగ్జిలరీలో, అంటే తీరరక్షక దళానికి సాయపడే స్వచ్ఛంద విభాగంలో, చాలాకాలంగా స్వచ్ఛంద సేవ చేస్తూ చీసపీక్ అఖాతంలో ఇటువంటి రాత్రులలో గస్తీ బోట్ల మీద ఉన్నాను. మేము సహాయానికి పరుగెత్తిన సందర్భాలలో ఎక్కువ భాగం ప్రదర్శన అయిపోయిన తరువాతి గంటలోనివే.

ముందు దూరం సంగతి చూద్దాం. ప్రదర్శనలో కాల్చే గుండ్లను వాటి వ్యాసాన్ని బట్టి మూడు అంగుళాలవి, ఆరు అంగుళాలవి అని పిలుస్తారు. అమెరికాలో బాణసంచా ప్రదర్శనలకు ప్రామాణికంగా భావించే, జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్.ఎఫ్.పి.ఎ.) వారి 1123 నియమావళి ప్రకారం, నిటారుగా నిలిపిన గొట్టం నుంచి కాల్చే గుండుకు వ్యాసంలోని ప్రతి అంగుళానికి 70 అడుగుల చొప్పున ఖాళీ స్థలం ఉండాలి. ఆరు అంగుళాల గుండుకు 420 అడుగులు, పది అంగుళాల గుండుకు 700 అడుగులు అవుతుంది. నీటి మీద ప్రదర్శనకు ఆ ప్రాంతపు కోస్ట్‌గార్డ్ అధికారి, అంటే కెప్టెన్ ఆఫ్ ది పోర్ట్, ఈ లెక్కనూ స్థానిక పరిస్థితులనూ చూసి ఒక భద్రతా వలయాన్ని ప్రకటిస్తారు. ఫెడరల్ నిబంధనలలో 33వ విభాగం 165వ భాగం కింద వచ్చే ఈ ప్రకటనకు చట్టబలం ఉంది. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం నేరం. వలయం కేంద్రం ఎక్కడ, వ్యాసార్ధం ఎంత, ఏ గంట నుంచి ఏ గంట వరకు అమలులో ఉంటుంది అన్నవి కోస్ట్‌గార్డ్ విడుదల చేసే నావికుల స్థానిక ప్రకటనలో ఉంటాయి. ఆ అక్షాంశ రేఖాంశాలను మీ చార్ట్‌ప్లాటర్‌లో (బోటులోని ఎలక్ట్రానిక్ పటంలో) ముందురోజే గుర్తు పెట్టుకోండి. నీటి మీద ఆ వలయానికి తాడు కట్టి ఉండదు. గస్తీ బోటు నీలి దీపం కనిపించేదాకా మీరు లోపల ఉన్నట్టు మీకు తెలియకపోవచ్చు.

ఇంత ఖాళీ ఎందుకు అని అనిపిస్తే 2012 జూలై 4న శాన్ డియేగో రేవులో జరిగినది చూడండి. పావుగంటకు పైగా సాగవలసిన ప్రదర్శన కంప్యూటర్ ఆదేశాలలో దొర్లిన లోపం వల్ల అన్ని బార్జ్‌ల మీదా దాదాపు ఒక్కసారే అంటుకుని, అర నిమిషంలోపే మొత్తం పేలిపోయింది. అయినా ఒక్కరికీ గాయం కాలేదు. చుట్టూ మనుషులు లేని నీరు ఉండటమే అందుకు ప్రధాన కారణం. వలయం అంచుకు ఆనుకుని నిలబడాలనే ఆశ చాలామందికి ఉంటుంది, కానీ దాని వల్ల దక్కేది ఏమీ లేదు. ఆరు అంగుళాల గుండు సుమారు 600 అడుగుల ఎత్తున విచ్చుకుంటుంది. అరమైలు దూరం నుంచి దాన్ని మెడ నొప్పి పుట్టకుండా పూర్తిగా చూడవచ్చు, పిల్లల చెవులకూ మేలు.

దూరంకన్నా గాలి దిశ ముఖ్యమని నా అభిప్రాయం. గాలి బార్జ్ వైపు నుంచి మీ మీదకు వీస్తుంటే పొగ మొత్తం మీ మీదకే వస్తుంది. కాలిన అట్టముక్కలు, ఒక్కోసారి ఇంకా ఆరని నిప్పురవ్వలు కూడా వస్తాయి. వలయానికి బాగా బయటే ఉన్న ఒక బోటు పైకప్పు గుడ్డకు అలాంటి రవ్వల వల్ల చిల్లులు పడటం నేను చూశాను. అందుకే బాణసంచా మొదలయ్యే ముందు ఎండకు వేసిన గుడ్డను మడిచి కట్టేయండి, అగ్నిమాపక సిలిండర్‌ను పెట్టె అడుగు నుంచి తీసి చేతికి అందేచోట పెట్టండి. మరునాడు నీటిలో అట్టబంతి లాంటిది తేలుతూ కనిపిస్తే అది పేలని గుండు కావచ్చు. చేత్తో తీయవద్దు, స్థలాన్ని గుర్తుపెట్టుకుని కోస్ట్‌గార్డ్‌కు తెలియజేయండి.

మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. దీపావళికి కొన్నవి మిగిలాయని, పిల్లలు సరదా పడుతున్నారని, బోటులోకి కాకరపువ్వొత్తులు తెచ్చే కుటుంబాలను నేను చూశాను. మీ బోటు అడుగున పెట్రోలు ట్యాంకు ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, బయటికి పోకుండా అడుగునే పేరుకుంటుంది. బోటులో ఏ రకమైన బాణసంచా వద్దు. ఇంజన్ లోపల బిగించిన రకం అయితే, దాన్ని ప్రతిసారీ మొదలుపెట్టే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే పంకా) తిప్పాలి. తిరుగు ప్రయాణపు తొందరలో ఎక్కువమంది వదిలేసే పని ఇదే.

ఇక మనుషుల సంఖ్య. పలక మీది పదిమంది అన్న అంకె పక్కనే పౌండ్లలో బరువు కూడా ఉంటుంది. ఆ రెండింటిలో ఏది ముందు దాటినా దాటినట్టే. పిల్లలు కూడా మనుషుల లెక్కలోకే వస్తారు. పైగా ఆ అంకె ప్రశాంతమైన వాతావరణానికి ఉద్దేశించినది. రాత్రిపూట, వందల బోట్లు లేపే అలల మధ్య, అందరూ ఒకే వైపుకు జరిగి ఆకాశంలోకి చూసే సందర్భానికి కాదు. లంగరు వేసిన బోటు గాలిని బట్టి తిరుగుతుంది. బాణసంచా కుడివైపు వస్తే అందరూ కుడివైపుకే వాలతారు. అదే క్షణంలో పక్కనుంచి పెద్ద బోటు అల వస్తే నీరు అంచు దాటి లోపలికి వస్తుంది.

2012లో అదే జూలై 4 రాత్రి న్యూయార్క్ దగ్గరి ఆయిస్టర్ బేలో బాణసంచా చూసి తిరిగి వస్తున్న 34 అడుగుల బోటు బోల్తాపడింది. అందులో 27 మంది ఉన్నారు. లోపలి గదిలో చిక్కుకుని ముగ్గురు పిల్లలు చనిపోయారు. 20 అడుగులకన్నా పొడవైన బోట్లకు సామర్థ్యం పలక ఉండాలని ఫెడరల్ చట్టం కోరదు, కనుక ఆ బోటులో ఎంతమందిని ఎక్కించుకోవాలో చెప్పే అంకే లేదు. కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర 2017 నవంబరులో జరిగిన ప్రమాదం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడా మోయగలిగినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించడం, ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేకపోవడం ప్రాణాలు తీశాయి. మీ బోటుకు పలక ఉండటం మీ అదృష్టం. ఆ అంకెను మీరు చేరుకోవలసిన లక్ష్యంగా కాక, ఎన్నడూ తాకకూడని గీతగా చూడండి.

మీ అమ్మగారినీ నాన్నగారినీ ఎందుకు వద్దంటున్నానంటే, వారి మీద గౌరవం తక్కువై కాదు. సాయంత్రం ఏడింటికి ఎక్కితే రాత్రి పదకొండు దాటేదాకా దిగే వీలుండదు. ఊగే బోటులో మోకాళ్ళ నొప్పులతో, మరుగుదొడ్డి లేకుండా నాలుగైదు గంటలు కూర్చోవడం వారికి శిక్ష అవుతుంది. పైగా వారు చీకట్లో నీటిలో పడితే తిరిగి పైకి లాగడం చాలా కష్టం. సెవర్న్ నదికి ఎగువన, నేవల్ అకాడమీకి ఎదురుగా, రెండవ ప్రపంచయుద్ధ స్మారకం ఉన్న గట్టు మీద నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది. చాలా కుటుంబాలు అక్కడే కుర్చీలు వేసుకుంటాయి. స్నేహితుల దంపతులు వారికి తోడుగా అక్కడ ఉంటే, బోటులో మీ దంపతులు, నలుగురు పిల్లలు కలిపి ఆరుగురే అవుతారు. అంతమంది పిల్లలకు ఇద్దరు పెద్దవారు చాలరనిపిస్తే పిల్లల్లోనే ఇద్దరిని ఒడ్డున ఉంచండి. బోటు నడిపేవారిని పిల్లల కాపలాదారుగా లెక్క వేయకూడదు.

లైఫ్ జాకెట్లు అందరి ఒంటిమీదా ఉండాలి, సీటు కింద కాదు. మేరీలాండ్ చట్టం 21 అడుగులలోపు బోట్లు నీటిమీద కదులుతున్నప్పుడు 13 ఏళ్ళలోపు పిల్లలకు జాకెట్ తప్పనిసరి చేసింది. మీ బోటు 22 అడుగులు కదా, ఆ నియమం వర్తించదని ఎవరైనా మీకు చెప్పవచ్చు. వినవద్దు. ఒక అడుగు తేడాతో నీటి స్వభావం మారదు. చీకట్లో పడిపోయిన మనిషి తల నీటి మీద ఎంత చిన్నగా కనిపిస్తుందో, చుట్టూ ఇంజన్ల హోరులో కేక ఎంత తొందరగా కలిసిపోతుందో వెతికినవారికే తెలుస్తుంది. ప్రతి జాకెట్‌కూ ఒక ఈల, నీటిలో కూడా వెలిగే ఒక చిన్న దీపం కట్టండి. పిల్లల జాకెట్లు వారి బరువుకు సరిపోయేవై ఉండాలి. వేసిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది వారికి పెద్దదని అర్థం.

లంగరు విషయంలో కొత్తవారు తాడు తక్కువ వదులుతారు. నీటి లోతుకు, నీటి నుంచి బోటు ముందుభాగం ఎత్తును కలిపి, దానికి ఏడు రెట్లు తాడు వదలడం మంచి పద్ధతి. 12 అడుగుల లోతు, మూడు అడుగుల ఎత్తు అయితే 105 అడుగులు అవుతుంది. జనసమ్మర్దంలో అంత వీలుకాక ఐదు రెట్లకు తగ్గించవలసి రావచ్చు. అందుకే వెలుతురు ఉండగానే, ఇతరులకన్నా ముందుగా చేరుకోమంటున్నాను. లంగరును ఎప్పుడూ ముందువైపు నుంచే వేయండి. వెనుకవైపు కడితే అలలు నేరుగా ఇంజన్ ఉన్న పల్లపు అంచు మీదకు వస్తాయి. వేసిన తరువాత ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకే వరుసలో పెట్టుకుని పావుగంట గమనిస్తే లంగరు పట్టిందో జారుతోందో తెలుస్తుంది. నౌకలు నడిచే దారిలో మాత్రం వేయకండి.

సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక అస్తమిస్తాడు. ఆ వెంటనే చుట్టూ కనిపించే తెల్లదీపం వెలిగించాలి. లంగరు మీద ఉన్నప్పుడు అదొక్కటే ఉండాలి, ఎరుపు ఆకుపచ్చ దీపాలు ఆర్పేయాలి. కదలడం మొదలుపెట్టగానే ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అన్నీ వెలగాలి. ఇది చాలామంది తారుమారు చేస్తారు. లంగరు మీద ఉండి ఎరుపు ఆకుపచ్చ వెలిగిస్తే మీరు కదులుతున్నారని అవతలివారు అనుకుంటారు. ఇక రేవులో కట్టేటప్పుడు వాడే ముందు దీపాలను, కారు హెడ్‌లైట్ల మాదిరి వెలిగించి నడపడం పూర్తిగా తప్పు. వాటి వల్ల మీకు దారి కనిపించదు సరికదా, ఎదుటివారి కళ్ళు పనిచేయకుండా పోతాయి.

కళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆగమని నేను పట్టుబట్టడానికి మూలం అక్కడే ఉంది. మన కళ్ళు చీకటికి అలవాటుపడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ముగింపులో వరుసగా పేలే తెల్లని మెరుపులు ఆ అలవాటును పూర్తిగా తుడిచివేస్తాయి. అదే సమయంలో నీటి మీద పొగ తెర వాలుతుంది. వెనుక నగరపు దీపాల వల్ల బోటు దీపాలు వాటిలో కలిసిపోతాయి. సరిగ్గా కళ్ళు అన్నింటికన్నా తక్కువగా పనిచేసే ఆ క్షణంలోనే అందరూ ఇంజన్లు మొదలుపెడతారు. 2014 జూలై 4 రాత్రి మయామీలోని బిస్కేన్ బేలో బాణసంచా తరువాత మూడు బోట్లు ఢీకొని నలుగురు చనిపోయారు. కనుక పిల్లలకు తినడానికి ఏదైనా ఇచ్చి, రేడియో వింటూ కూర్చోండి. తొందర ఉన్నవారిని పోనివ్వండి.

ఆ అరగంటలో ఇంజన్‌ను, జనరేటర్‌ను ఆపి ఉంచండి. పక్కపక్కనే కట్టిన బోట్ల మధ్య కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతగా ఉండటం దాని లక్షణాలు. పిల్లలకు నీటి ప్రయాణం పడలేదని పొరబడటం సులభం. బోటు వెనుక మెట్టు మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. పిల్లవాడు నిద్రపోయాడని వదిలేయకుండా, ఒకసారి లేపి మాట్లాడించండి.

శాండీ పాయింట్‌కు మీ తిరుగు దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెవర్న్ నది నోటి నుంచి బయటకు వచ్చి, గ్రీన్‌బరీ పాయింట్ దాటి, ఉత్తరంగా బే బ్రిడ్జి వైపు వెళ్ళాలి. గ్రీన్‌బరీ పాయింట్ మీది పాత రేడియో టవర్లు మంచి గుర్తు, కానీ వాటిని చూసుకుంటూ మలుపును కోసుకుపోతే లోతు తక్కువ నీటిలోకి వెళతారు. సాయంత్రం వచ్చేటప్పుడు జీపీఎస్‌లో నమోదైన మీ దారినే రాత్రి వెనక్కి పట్టుకుని రండి. నది దాటి అఖాతంలోకి రాగానే పీతల బోనులకు కట్టిన తేలుడు గుర్తులు ఉంటాయి. చీకట్లో కనిపించవు, వాటి తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే అక్కడే ఆగిపోతారు. బాల్టిమోర్ వెళ్ళవలసిన పెద్ద సరుకు నౌకలు అనాపొలిస్ ఎదుట లంగరు వేసి ఉంటాయి. వాటి దీపాలు చాలా ఎత్తున ఉండటం వల్ల దగ్గరికి వచ్చేదాకా నల్లని గోడల లాంటి వాటి పక్కభాగాలు కంటికి ఆనవు. ఈ కారణాల వల్ల బోటును నెమ్మదిగా, నీటిని కోస్తూ మాత్రమే నడపండి, పైకి లేపి పరుగెత్తించకండి. ఇంజన్ ఆపే స్విచ్ తాడు మీ ఒంటికి కట్టి ఉండాలి. 26 అడుగులలోపు బోట్లలో ఆ స్విచ్ ఉంటే, వేగం అందుకున్నప్పుడు దాన్ని వాడటం 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం కింద తప్పనిసరి అయింది. నెమ్మదిగా వెళ్ళినా కట్టుకోమనే నేను చెబుతాను. నడిపేవారు ఆ రోజు మధ్యాహ్నం నుంచే మద్యం ముట్టకూడదు. ప్రాణాంతకమైన బోటు ప్రమాదాలలో కారణం తెలిసినవాటిని చూస్తే మద్యమే మొదటి స్థానంలో ఉందని కోస్ట్‌గార్డ్ ఏటా నమోదు చేస్తోంది.

సహాయం కోసం సెల్‌ఫోన్‌ను నమ్ముకోవద్దు. వేలమంది ఒకేసారి వీడియోలు పంపుతుంటే కాల్ వెళ్ళదు. బోట్లలో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోను 16వ ఛానల్‌లో తెరిచి ఉంచండి. కోస్ట్‌గార్డ్ ప్రకటనలను 22ఎ ఛానల్‌లో వినమని అందులోనే చెబుతారు. రేడియోలో మీ గుర్తింపు సంఖ్య నమోదు చేసి జీపీఎస్‌తో కలిపి ఉంటే, ఎర్ర మీట నొక్కగానే మీరున్న చోటు కూడా వారికి చేరుతుంది. ఆపద సంకేతంగా వాడే ఎర్ర ఫ్లేర్లు మీ దగ్గర ఉండవలసిందే, కానీ ఆకాశమంతా రంగులతో నిండిన ఆ రాత్రి వాటిని ఎవరూ ఆపదగా గుర్తించకపోవచ్చు. గడువు తీరినవి ఉన్నాయని సంబరానికి కాల్చడం మాత్రం నేరం. ఆ రాత్రి నిజంగా మునిగిపోతున్నవారిని వెతకవలసిన బోటు మీ వైపు పరుగెత్తుతుంది.

వాతావరణం గురించి ఒక్కమాట. జూలైలో చీసపీక్ మీద సాయంత్రపు ఉరుముల గాలివానలు తరచుగా, చాలా వేగంగా వస్తాయి. పడమర దిక్కున మేఘం నల్లబడుతుంటే బయలుదేరకండి. బయలుదేరాక కనబడితే, బాణసంచా మొదలయ్యే ముందే అయినా వెనక్కి తిరగండి.

1972 జూలై 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు మేరీలాండ్‌లో బోటు నడపాలంటే భద్రతా శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. మీకు ఇంకా లేకపోతే ముందు అది పూర్తి చేయండి. ఆ తరువాత ఆగ్జిలరీ వారిని పిలిస్తే మీ బోటు ఉన్నచోటికే వచ్చి, దీపాలు, ఫ్లేర్లు, జాకెట్లు, అగ్నిమాపక సిలిండర్ అన్నీ ఉచితంగా తనిఖీ చేస్తారు. లోపం కనిపించినా జరిమానా వేయరు, ఎవరికీ చెప్పరు. జూన్ చివరికి మాకు తీరిక ఉండదు కనుక నెల మొదట్లోనే అడగండి. అంతకు ముందు ఒక శనివారం, పిల్లలు లేకుండా, మరొక పెద్దవారిని తోడు తీసుకుని, ఇదే దారిలో చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళిరండి. మీ పలక మీద పౌండ్లలో ఎంత బరువు రాసి ఉందో, ఇంజన్ లోపలిదో బయటిదో ఇక్కడ రాస్తే, ఆరుగురు, సామాను, నిండు ట్యాంకుతో మీ బోటుకు ఎంత వెసులుబాటు మిగులుతుందో లెక్కవేసి చెబుతాను.